ఉభాలయ్యాక చూద్దాం

ఈ ఏడు ఉభాల్లో, అంటే వరి నాట్లప్పుడు, మా యింట్లో జరిగినదానికి ఎవరినైనా తిట్టాలంటే మొదట నన్నే తిట్టాలి. ఎవరూ తిట్టలేదు. మా బావ ఒక్క మాటంటే చాలు, నేను పది మాటలనేసి, ఏడ్చేసి, కాస్త తేలికపడేదాన్ని. ఆయన అనలేదు. నా మొగుడు గిరిబాబు అనలేదు. అనాల్సినావిడ అసలే అనలేదు. అందుకని నన్ను నేనే తిట్టుకుంటున్నాను, మూడు నెలల నుంచీ, పొద్దూ మాపూ.

నేను ఆశా వర్కర్ని. పేరు యమున. రాజాం నుంచి ఆటోలో అరగంట పోతే మా ఊరు. ఊళ్ళో రెండు వందల పది గడపలు నా కింద ఉన్నాయి. ఎవరికి నెల తప్పింది, ఎవరికి బీపీ ఎక్కింది, ఏ ముసలాయన మాత్రలు చూరులో దోపేసి మింగేశానని బొంకుతున్నాడు, అన్నీ నాకు తెలుసు. నా నోటికి ఊరంతా జడుస్తుంది. తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టినవాడి చేత నడివీధిలో గుంజీలు తీయించినదాన్ని. ఇంత చేసినదాన్ని, మా యింటి సర్వే మాత్రం ఏనాడూ చెయ్యలేదు. రాసేసేదాన్నంతే.

నేనొక్కర్తినే కాదు, మాలో చాలామందిమి అంతే. జూన్‌లో సర్వే మొదలవగానే ముందు సొంత ఇళ్ళు నింపేస్తాం. సొంతింట్లో వాళ్ళని అడిగేదేముంది? వీధరుగు మీద కూర్చుని ఫోన్లో టకటకా నొక్కేస్తే ఆరుగురు అయిపోతారు. మధ్యాహ్నం పైవాళ్ళు ఫోన్ చేస్తే "మొదలెట్టామండీ" అనొచ్చు. ఈ జూన్‌లోనూ అలాగే కూర్చున్నాను. ఎదురుగా స్తంభానికి ఆనుకుని మా అప్ప చింతపండు గింజలు తీస్తోంది.

అప్ప అంటే నా తోడికోడలు తాయారు. తోడికోడల్ని మా వైపు యారాలంటాం. కానీ కాపరానికొచ్చిన మొదటి రోజు నుంచీ ఆవిణ్ణి అప్పా అనే పిలిచాను. సొంత అక్క లేదు నాకు. ఆవిడకి పిల్లల్లేరు. నా ఇద్దరు ఆడపిల్లలూ నా చంకలో కంటే ఆవిడ చంకలోనే ఎక్కువ పెరిగారు.

"ఏటే, మా లెక్క రాస్తన్నావా?" అంది అప్ప.

"ఆఁ. నీ వొయిసెంతప్పా?"

"నీకంటే పదేళ్ళెక్కువ. నీదెంతో నిజం సెప్తే నాదీ తెలుస్తాది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్లో ప్రశ్న వచ్చింది. ఒంట్లో ఎక్కడైనా వదలని నొప్పి ఉందా? లేదు అని నొక్కాను. అప్ప అప్పటికి మూడోసారి నడుముని స్తంభానికేసి అదుముకుంటోంది. కళ్ళారా చూశాను. చూసి కూడా నొక్కాను.

తొమ్మిదేళ్ళ కిందట అప్పకి ఎడమ రొమ్ము తీసేశారు. విశాఖలో ఆపరేషను, జుట్టంతా రాల్చేసే సెలైన్లు, ఆ తరవాత నెలన్నర కరెంటు పెట్టడం, అదే రేడియేషను, ఆపైన ఐదేళ్ళు రోజుకో మాత్ర. అన్నిటికీ వెంట వెళ్ళింది నేనే. ఎడమ చెయ్యి అప్పటినుంచీ కొంచెం వాచే ఉంటుంది. జాకెట్టులో పాత నేతగుడ్డ మడతపెట్టి పెట్టుకునేది. "ఒక పక్క బరువు తగ్గినాది కదే, ఒంగుని లెగడం సులువైపోనాది" అని ఉభాల్లో ఆడవాళ్ళందరినీ నవ్వించేది. ఊళ్ళో నాట్లేసే ఆడవాళ్ళ గుంపుకి, ఉభాల బట్టీకి, అప్పే పెద్ద. ఆవిడ వరసలో ముందు నారు ఊడుస్తూ నడిస్తే మిగతా పదిమందీ వెనక పడుతూ లేస్తూ రావాల్సిందే.

ఐదో ఏడు నిండినప్పుడు డాక్టరమ్మ, "మాత్రలు ఆపేద్దాం తాయారుగారూ. కానీ ఏడాదికోసారి రావడం మాత్రం మానొద్దు. ఎముకల్లో నొప్పి వచ్చినా, దగ్గు తగ్గకపోయినా ఏడాది దాకా ఆగకుండా వచ్చెయ్యండి" అంది. అప్ప అప్పటికే లేచి దండాలు పెట్టేస్తోంది. మొత్తం విన్నది నేను. చీపురుపల్లిలో రైలు దిగేసరికి మా బావ సోములు ఆటోతో నిలబడి ఉన్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. ఆయన్ని చూస్తే నాకు రెండో ముక్క చెప్ప బుద్ధెయ్యలేదు.

"మాత్రలు మానీమంది బావ. అయిపోనాది" అన్నాను.

ఆయన అక్కడే, ప్లాట్‌ఫారం మీద, రైలుకి దండం పెట్టాడు. ఆ వారమే అమ్మవారికి ముర్రాటలు మోయించాడు. పసుపునీళ్ళ కుండ నెత్తిన పెట్టుకుని అప్ప డప్పుల ముందు నడుస్తుంటే ఊరు ఊరంతా ఏడ్చింది. ఆ రాత్రి బావ మా అందరితో ఒకటే చెప్పాడు. "పోయిన రోగాన్ని పేరెట్టి పిలకండి. పిలిస్తే గుమ్మంకాడికొస్తాది." అప్పటినుంచీ మా యింట్లో ఆ మాట ఎవరూ పలకలేదు. మరుసటేడు నేను నసిగాను, విశాఖ వెళ్దామని. ఉభాలన్నారు. ఆ పైయేడు కోతలన్నారు. మూడో ఏడు నేనే అడగలేదు. మనిషి బండరాయిలా తిరుగుతోంది కదా, ఏమిటికి లేనిపోని రభస అనుకున్నాను.

జూలై నెలాఖరుకి వానలు బాగా పడ్డాయి. అన్ని ఆకుమళ్ళలో నారూ ఒకేసారి అందుకొచ్చింది. మా ఊళ్ళో ఉభాలు బదులు మీదే నడుస్తాయి. మన మడికి వాళ్ళొస్తే, వాళ్ళ మడికి మనం వెళ్ళాలి. మధ్యలో మానేస్తే ఆ ఇంటికి పుట్టగతులుండవు. మా ఎకరన్నరా మూడో రోజునే అయిపోయింది. ఇక ఎనిమిది ఇళ్ళవాళ్ళకి మేము వెళ్ళాలి. నేనూ పొద్దుటిపూట వెళ్ళేదాన్ని.

బదులు వెళ్ళడం మొదలెట్టిన నాలుగో రోజు గంగులు వాళ్ళ మడిలో ఉన్నాం. అప్పకి పక్కన పైవీధి కుమారి, ఆ పక్కన నేను. కుమారికీ ఆరేళ్ళ కిందట అదే ఆపరేషను. ఊళ్ళో ఆ ఆపరేషనైనవాళ్ళు వీళ్ళిద్దరే. అప్ప ధైర్యం చెప్పబట్టే కుమారి ఆనాడు విశాఖ రైలెక్కింది. అంబలి పొద్దుకి అందరూ గట్టుకి నడుస్తుంటే అప్ప వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"ఏటప్పా, ఇంకా ఊడుస్తావేటి? గంగులు నీకు మడి రాసిచ్చేస్తాడేటి?" అని అరిచాను.

అప్ప తల తిప్పి నన్ను చూసింది. నవ్వబోయింది. "ఒలే యమునా, సెయ్యియ్యే. పట్టీసినాది" అంది.

నేనూ కుమారీ చెరో చెయ్యీ పట్టి లేపాం. అప్ప మొహం చెమటతో కాదు, నొప్పితో తడిసిపోయింది. గట్టు మీద కూర్చోబెట్టి చోడంబలి గ్లాసు చేతిలో పెట్టాను. అప్పుడు బయటపడింది, జగన్నాధం దగ్గర రోజు మార్చి రోజు సూది వేయించుకుంటోందని. జగన్నాధం మా ఊరి మందులాయన. డాక్టరని పిలుస్తారు గానీ ఏ చదువూ లేదు. ఆ సాయంత్రం ఆయన ఇంటికెళ్ళి గేటు దగ్గర నిలబడి చెడామడా దులిపేశాను.

"నానేటి సేతునమ్మా? నడుం నెప్పంటాది, నెప్పికి ఏసీది ఏస్తన్నాను. నీ యింటి మనిషే గదా, నీకు సెప్పలేదేటి?" అన్నాడు.

తిట్టడానికి వెళ్ళి తిట్టించుకుని వచ్చినట్టయింది.

ఇంటికొచ్చి అప్ప పక్కన కూలబడ్డాను. "ఎన్నాళ్ళనించప్పా?"

"కొన్నాళ్ళనించిలే."

"రేపు విశాక ఎల్దాం."

"ఇంకా నాలుగిళ్ళున్నాయే. మన మడిలో ఆళ్ళు ఊడ్సెల్లినారు, ఇప్పుడు నాను రానంటే మొకమెక్కడెట్టుకోను? ఉభాలయ్యాక సూద్దాం. మీ బావకి సెప్పకు. ఆయన మళ్ళీ తిండి మానీస్తాడు."

నాలుగిళ్ళంటే ఐదు రోజులు. నాలుగేళ్ళుగా వెళ్ళనివాళ్ళం, ఐదు రోజులకేం మునిగిపోతుంది అనుకున్నాను. రోజూ నలుగురికి నీతులు చెప్పే నోటితోనే, "సరే అప్పా, ఉభాలయ్యాకే ఎల్దాం" అన్నాను. నాకు ఆ ఇంటి పరువు ఉంది, ఆ మడి భయం ఉంది. ఆశా వర్కర్నైనా నేనూ రైతు కోడల్నే కదా.

మూడో రోజు సాయంత్రం అప్ప ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది. నా పెద్దపిల్ల ముందు చూసి, "పెద్దమ్మా, ఒక్క సెప్పే ఉందేటి?" అని కేకేసింది. అప్ప కిందికి చూసుకుని తెల్లబోయింది.

"ఓలమ్మా! ఎక్కడ ఒగ్గీసానో! కాలికి ఉన్నాదో లేదో కూడా తెలీలేదే నాకు."

పిల్లలు పకపకా నవ్వారు. బావ నవ్వాడు. నేనూ నవ్వాను. చక్కెర ఉన్నవాళ్ళకి కాళ్ళు మొద్దుబారితే చెప్పు జారినా తెలియదని నేనే ఊరంతా చెప్పి తిరుగుతాను. అప్పకి చక్కెర లేదు. మరి కాలెందుకు మొద్దుబారిందని నా బుర్రకి తట్టలేదు. బురదలో నాని ఉంటాయిలే, వేడినీళ్ళు పోసుకో అన్నాను.

రెండు రోజులకి, పొద్దున, అప్ప మంచం మీంచి దిగలేకపోయింది. కాళ్ళు ఆవిడ మాట వినడం లేదు. పక్క తడిసిపోయి ఉంది. ఆ సంగతీ ఆవిడకి తెలియలేదు. నేను దుప్పటి లాగి చూసేదాకా ఎవరికీ తెలియలేదు. అప్ప రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"మీ బావని బయటికెల్లమనే" అంది.

అప్పుడు ఊరు ఊరంతా మళ్ళలో ఉంది. వాన దంచుతోంది. ఆటోకి కబురెడితే కాలవ గట్టు తెగిందని మధ్యాహ్నం దాకా రాలేదు. గిరిబాబూ బావా అప్పని దుప్పట్లో పెట్టి మోసి ఆటోలో పడుకోబెట్టారు. ఎవరూ చూడలేదు. చీపురుపల్లి వెళ్ళేసరికి రైలు తప్పిపోయింది. కారు మాట్లాడుకుని విశాఖ చేరేసరికి చీకటి పడింది. మర్నాడు ఫోటోలు తీశారు. డాక్టరమ్మ మారిపోయింది. ఈవిడ చిన్నది, ముప్పై ఏళ్ళుంటాయేమో. పాత ఫైలు తిరగేసి, మమ్మల్ని ముగ్గుర్నీ చూసింది.

"చివరిసారి ఎప్పుడొచ్చారు?"

ఫైల్లోనే ఉంది ఆ తారీకు.

"నాలుగేళ్ళు! నడుం నొప్పి ఎప్పటినుంచమ్మా?"

"శివరాత్రికాడినించండి" అంది అప్ప. నాతో కొన్నాళ్ళన్న మనిషి.

శివరాత్రి నుంచి ఆగస్టు దాకా నేను వేళ్ళమీద లెక్కపెట్టుకోలేదు. లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది.

"ఇన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదా? మీ ఊళ్ళో ఆశా వర్కర్ లేదా?"

బావ తల వంచుకుని తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"ఉందండి" అన్నాను.

"మరి ఏం చేస్తోందావిడ?"

నేను నోరు తెరిచేలోపు మంచం మీంచి అప్ప అందుకుంది. "మంచి మనిషేనండి ఆయమ్మ. ఆయమ్మ తప్పేటీ లేదు. నానే సెప్పలేదు."

డాక్టరమ్మ ఏదో రాసుకుంటూ తల ఊపింది. నేనే ఆ ఆశా వర్కర్నని ఆవిడకి ఆ రోజూ తెలియదు, ఆ తరవాతా తెలియలేదు. చెబుదామని పదిసార్లు అనుకున్నాను. చెప్పలేదు. సిగ్గు తప్ప ఇంకో కారణం లేదు.

బయట వసారాలో జరిగిందంతా, జారిన చెప్పు సంగతితో సహా, అడిగి తెలుసుకుని నాకూ బావకీ విడమరిచి చెప్పింది. రోగం వెన్నెముకలోకి వచ్చింది. లోపలి నరాన్ని నొక్కేస్తోంది. పది రోజులు కరెంటు పెడతాం, నొప్పి తగ్గుతుంది. కాళ్ళ సంగతి చెప్పలేం అంది.

"ముందొచ్చుంటే?" అన్నాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"ముందొచ్చుంటే రోగం పోయేదని నేను చెప్పలేనమ్మా. ఏటా వచ్చినవాళ్ళకీ ఒక్కోసారి తిరగబెడుతుంది. కానీ కాళ్ళు నిలబడేవి. చెప్పు జారిందన్న రోజునైనా తెచ్చుంటే అవకాశం ఉండేది. ఉన్నన్నాళ్ళూ నడిచే మనిషిగా ఉండేది."

బావ ఆ మాటకి భుజం మీది తువ్వాలు కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. పదహారేళ్ళుగా చూస్తున్నాను, ఆయన నా ఎదుట కంటతడి పెట్టడం అదే మొదలు. "నానే పేరెట్టొద్దన్నానమ్మీ. నా నోరే ఇంత సేసినాది" అన్నాడు. కాదు బావ, నేను రెండో మాట నీకు చెప్పలేదు, అనాలి నేను. ఆ నిమిషంలో అనాలి. ఆయన చేతికి నీళ్ళసీసా ఇచ్చానంతే.

పది రోజులూ ఆస్పత్రిలోనే ఉన్నాం. నొప్పి కొంచెం తగ్గింది. నేను రోజూ పొద్దున్నే అప్ప అరికాలి మీద గోటితో గీసేదాన్ని.

"తెలుస్తందా?"

"లేదే."

"ఇప్పుడో?"

"గీస్తన్నావేటి?"

ఆరో రోజు మధ్యాహ్నం, బావ భోజనానికి కిందికెళ్ళినప్పుడు, ఇక ఉండబట్టలేక అడిగేశాను. "అప్పా, జూన్‌లో నాను అరుగుమీద కూకుని సర్వే రాసిన్నాడు, నడుం నెప్పుందా అని నిన్నడిగుంటే సెప్పుందువా?"

అప్ప పైకప్పుకేసి చూసింది. ఎడమ చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టి ఉంది.

"సెప్పుందును. నీకాడ అబద్ధమాడలేను కదే నాను. నువ్వా పోను నొక్కుతుంటే నా గుండెలు దడదడలాడిపోనాయి. ఇదిప్పుడు అడుగుతాదేమో, అడిగితే సెప్పీయాల, సెప్తే విశాక అట్టుకుపోతాది, మీ బావ మంచమెక్కేస్తాడు అని. నువ్వడగలేదు. అమ్మయ్య, బతికిపోనాను అనుకున్నాను."

నేను మంచం పట్టె మీద తల పెట్టేసి వలవలా ఏడ్చాను. పక్క మంచాలవాళ్ళు అప్పకేదో అయిపోయిందనుకుని లేచి కూర్చున్నారు. అప్ప కుడిచేత్తో నా తల మీద ఒక్కటిచ్చింది. "ఊరుకోయే. సచ్చింది నానా, నువ్వా? ఇంకా ఉన్నాను గదా, అప్పుడే మొదలెట్టీసినావు" అంది.

కాళ్ళు రాలేదు. అంబులెన్సులో ఊరికి తెచ్చాం. మిట్టమధ్యాహ్నం, ఉభాలు అయిపోయి జనమంతా అరుగుల మీద ఉన్నారు. స్ట్రెచరు దింపుతుంటే ఊరంతా వచ్చి నిలబడింది. ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. "మొన్నటిదాకా మా ముందర ఊడ్సినాదే, ఎల్లి పదిహేను రోజులు కాలేదే, ఇలగ తెచ్చినారేటే!" అని గంగులు పెళ్ళాం శోకం పెట్టింది. గుంపులో వెనగ్గా కుమారి నిలబడి ఉంది. ఏడవడం లేదు. స్ట్రెచరు మీది కాళ్ళనే చూస్తోంది.

ఆ తరవాత మా యింటి తీరే మారిపోయింది. బావ పొలం ముఖం చూడ్డం మానేశాడు. రెండు గంటలకోసారి అప్పని పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. ఆయనా నేనూ వంతులేసుకుని తిప్పేవాళ్ళం. నేను ఊళ్ళోకి వెళ్తే జనం మునుపట్లా లేరు. మాత్రలు వేసుకోలేదేం అని గద్దిస్తే ఎవరూ జడవడం లేదు. అవునమ్మా, కాదమ్మా అని జాలిగా చూస్తున్నారు. జడిస్తేనే నయం.

ఆగస్టు చివర ఒక పొద్దున నేను తల దువ్వుతుంటే అప్ప, "కుమారి ఎల్తందా డాక్టరుకాడికి?" అంది.

"తెలీదప్పా."

"తెలుసుకో. అదీ రెండేళ్ళనించి ఎల్లట్లేదని నాతోటే అన్నాది. నువ్వెల్లి నా మాటగా సెప్పు. తాయారు సెప్పమన్నాది, నాలాగ సెయ్యొద్దన్నాది అని సెప్పు. నా కాళ్ళెలాగూ పోనాయి. దానికైనా పనికొస్తాయి." ఆ మాట చెబుతున్నప్పుడు అప్ప మొహంలో పాత వెలుగు కొంచెం కనబడింది. ఉభాల్లో వరస ముందుకి వెళ్ళేటప్పటి మొహం.

ఆ సాయంత్రమే వెళ్ళాను. కుమారి కలుపు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నన్ను చూసి కూర్చోమనలేదు. అరుగు మీద నేనే కూర్చున్నాను. అప్ప చెప్పమన్నది పొల్లుపోకుండా చెప్పాను. నేను వెంట వస్తాను, చార్జీలు పెట్టుకుంటాను, ఒక్క రోజు పని అన్నాను.

కుమారి చెంబు కింద పెట్టింది. "యమునక్కా, ఒకటడుగుతాను, కోప్పడకు. తాయారప్ప డాక్టరుకాడికెల్లక నాలుగేళ్ళు బాగున్నాదా, లేదా?"

"బాగులేదే. లోపల ఉన్నాది అప్పటికే."

"ఊడ్సినాదా, లేదా? నా పక్కనే ఊడ్సినాది. ఎల్లినాది, కరెంటెట్టించుకున్నాది, కాళ్ళట్టుకెల్లి కట్టెలట్టుకొచ్చినాది. ఊరంతా సూసినాము."

"ఎల్లకముందే పడిపోనాయే కాళ్ళు! మేము దుప్పట్లో పెట్టి మోసుకెల్లినాము!"

"మేమెవులమూ సూడలేదు మరి."

"నాను అబద్ధమాడతానేటే?"

కుమారి నన్ను సూటిగా చూసింది. కోపం లేదు ఆ చూపులో. "నీ యింట్లో మనిషి నడుం నెప్పితోటి ఆర్నెల్లు కుళ్ళిపోతే నీకు తెలీలేదు. నాకేటున్నాదో నీకు తెలుస్తాదేటి?" అంది.

అయినా సిగ్గు విడిచి అడిగాను. జూన్‌లో అప్పని అడగనిది, అరుగు మీద కూర్చుని కుమారిని అడిగాను.

"కుమారీ, నీకు ఎక్కడైనా నెప్పుందా? నిజం సెప్పు తల్లీ."

"లేదు" అంది. చీర కుచ్చెళ్ళు దోపుకుని లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపల ఆవిడ దగ్గడం వినిపించింది. ఒకసారి కాదు, నేను లేచి వీధి మలుపు తిరిగేదాకా దగ్గుతూనే ఉంది. మర్నాడూ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. కుమారి మొగుడు వీధిలోకొచ్చి, "ఇంక మా గుమ్మమెక్కకమ్మా, దణ్ణం పెడతాను" అన్నాడు.

మూడో రోజు ఇంటికొచ్చేసరికి అప్ప ఎదురుచూస్తోంది. రెండు రోజులుగా ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ రోజు నా చెయ్యి పట్టుకుంది. "ఏటందే? వస్తానందా?"

ఆ మొహం చూసి నిజం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి నా దండం.

"వస్తానంది. సోమారం ఎల్తన్నాము."

"నిజమా?"

"నిజమే అప్పా."

ఇక ఆ నాలుగు రోజులూ అప్పకి కుమారి ప్రయాణం తప్ప మరో ధ్యాస లేదు. దుప్పటొకటి తీసుకెళ్ళమను, ఆ ఫోటోల గదిలో చలి. ముందు గుండీలున్న జాకెట్టు వేసుకోమను. ఆపరేషనైన వైపు చేతికి సూది వెయ్యనివ్వొద్దను. ప్యాసింజరుకైతే కూర్చోడానికి చోటు దొరుకుతుంది. దగ్గున్నా, తలనొప్పున్నా దాచుకోకుండా చెప్పమను. అన్నిటికీ ఊఁ కొట్టాను.

సోమవారం పొద్దున్నే అప్ప నన్ను తొందరపెట్టి పంపించింది. చేతిలో సంచీ, అందులో దుప్పటి. మెరక దారిలో పోతుంటే దూరంగా మడిలో కుమారి కలుపు తీస్తూ కనబడింది. నన్ను చూసి తల తిప్పేసుకుంది. రాజాం వెళ్ళి బస్టాండులో బల్ల మీద కూర్చున్నాను. విశాఖ బస్సులు వచ్చాయి, వెళ్ళాయి. కండక్టరు రెండుసార్లు అడిగాడు ఎక్కడికని. సాయంత్రం ఐదింటికి ఊరి ఆటో ఎక్కాను.

బావ అప్పకి గంజి పడుతున్నాడు. నన్ను చూడగానే అప్ప చెంచా నెట్టేసింది.

"ఏటన్నారే?"

"ఏటీ లేదన్నారప్పా. శుభ్రంగా ఉన్నాదంట. మళ్ళీ యేడు రమ్మన్నారు."

అప్ప కళ్ళు మూసుకుంది. చెంపల మీదికి నీళ్ళు జారాయి. బావ తుడిచాడు. "సూసినావేటి? పోన్లే, నన్ను సూసి ఒకర్తి బాగుపడినాది" అంది ఆయనతో.

"అవునప్పా" అన్నాను నేను.